ఎడమ మూల

ఎలక్షన్లు అయిపోయినా గోడల మీద గుర్తులు ఇంకా చెరిగిపోని వేసవి అది, అరవై ఏడు. ఆ వేసవిలో మా ఇంట్లో ఇద్దరు కబడ్డీ ఆటగాళ్ళు ఉన్నారు. ఒకరు మా ఆయన రాజారత్నం. రెండోవాడు నా తమ్ముడు బర్నబాస్. ఇద్దరికీ వండిపెట్టి, ఇద్దరి నిక్కర్లూ ఉతికి ఆరేసి, చివరికి ఒకరి మీద ఒకరు ఆడుతుంటే ముందు వరసలో కూర్చుని చూసినదాన్ని నేను. కాబట్టి ఈ సంగతి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

మేం తెనాలిలో బసవేశ్వరరావు గారి బియ్యం మిల్లు వెనక ఇంట్లో ఉండేవాళ్ళం. ఇల్లు మిల్లుదే. మిల్లులో మా ఆయన్ని గుమస్తా అనేవారు గానీ ఆయన కలం పట్టగా నేను ఏనాడూ చూడలేదు. ఆయన ఉద్యోగం కాళ్ళు పట్టుకోవడం. బసవేశ్వరరావు గారికి కబడ్డీ అంటే ప్రాణం. వేసవి వచ్చిందంటే మిల్లు జట్టు ఊరూరా పోటీలకు వెళ్ళేది. ఆ జట్టులో ఎడమ మూల మా ఆయనది. అవతలివాడు కూత పెట్టుకుంటూ గీత దాటి వచ్చి, ఎవరినో ఒకరిని తాకి, ఊపిరి తెగకుండా వెనక్కి పోవాలి గదా. ఎడమ మూలకు వచ్చినవాడు మాత్రం వెనక్కి పోయేవాడు కాదు. మా ఆయన మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులా చీలమండ పట్టారంటే ఆ కాలు ఇక ఆయనదే.

బర్నబాస్ ఎస్సెల్సీ తప్పి, మా అమ్మ దగ్గర చెరుకుపల్లిలో ఉండలేక మా ఇంటికి వచ్చేశాడు. చదువు అబ్బలేదు గానీ వాడి ఒంట్లో ఎముకలున్నాయో లేవో అన్నట్టు మెలికలు తిరిగేవాడు. ధాన్యం ఆరబోసే గచ్చు పక్కన ఊక పరిచి, రోజూ పొద్దున్నే మా ఆయన వాడికి ఆట నేర్పేవారు.

"అటు చూసి ఇటు రావడం చిన్నపిల్లల పనిరా," అనేవారు. "ఎటు రావాలనుకున్నావో అటే చూడు. చూసి అటే రా. అంత ధైర్యంగా వచ్చేవాణ్ణి చూస్తే పట్టేవాడు కాస్త వెనకాడతాడు. ఆ కాస్త చాలు నీకు."

"నువ్వు వెనకాడవుగా బావా."

"నేనెందుకు వెనకాడతాను? నా సంగతి వేరు."

ఆ మాట గొప్పకి అన్నది కాదు. ఆయన గురించి ఆయనకు అట్లాగే తెలుసు.

అయితే ఆ ఏడు ఆయన ఎడమ మోకాలు మాట వినడం మానేసింది. పొద్దున లేచేసరికి గుమ్మడికాయలా ఉబ్బి ఉండేది. నేను తలుపు గడియపెట్టి, ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టేదాన్ని. గట్టిగా నొక్కితే కళ్ళు మూసుకుని దేవుడి పాటలు పాడేవారు, మూలిగితే బయటికి వినపడుతుందని. నిలబడితే ఏమీ లేదు, నడిస్తే ఏమీ లేదు, కిందికి కూలబడాలంటే మాత్రం మోకాలు వంగేది కాదు. ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు.

నేను మిషన్ స్కూల్లో టీచర్ని. సెలవులిచ్చేశారు కాబట్టి బాపట్ల పోటీలకు నేనూ వెళ్ళాను. బర్నబాస్‌ని కూడా జట్టులో ఆడిస్తారేమోనని వాడు కొత్త బనీను కొనుక్కుని వచ్చాడు. బసవేశ్వరరావు గారు వాణ్ణి పైనుంచి కిందికి చూసి, "ఇంకా ఒళ్ళు రావాలి," అని, నీళ్ళ బిందె దగ్గర కూర్చోబెట్టారు.

బాపట్లది ఇసక నేల. మొదటి రోజు గడిచింది. రెండో రోజు మా ఆయన చేతుల్లోంచి ఒక కాలు జారిపోయింది. జనం అయ్యో అన్నారు. కాసేపటికి ఇంకొకటి. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడం నాకు నచ్చలేదు. మిల్లు జట్టు ఓడి బయటికొచ్చింది.

ఆ ఖాళీలో, ఓడిన జట్లలో మిగిలిన కుర్రాళ్ళు సరదాగా ఒక ఆట కట్టారు. బర్నబాస్ నీళ్ళ బిందె వదిలేసి అందులోకి దిగాడు. వాడు కూతకు వెళ్ళిన ప్రతిసారీ ఎవరినో ఒకరిని తాకి వచ్చాడు. ఒకసారైతే ముగ్గురు మీద పడితే ముగ్గురి కిందనుంచీ చెయ్యి చాపి గీత అందుకున్నాడు. రేపల్లెలో ఎరువుల కొట్టు నడుపుతూ ఆ ఊరి జట్టును చూసుకునే రాఘవయ్య గారు అక్కడే నిలబడి చూస్తున్నారు. ఆట అయ్యాక వాడి భుజం మీద చెయ్యివేసి పక్కకి తీసుకుపోవడం నేను చూశాను.

సాయంత్రం స్టేషన్లో టీ తాగుతుంటే బసవేశ్వరరావు గారు మా దగ్గరికి వచ్చారు.

"రత్నం, కాలికేంటి?"

"ఏం లేదండి. ఇసక గదండి, జారింది."

"ఇసక అందరికీ ఇసకే గదయ్యా." ఆయన కోపంగా అనలేదు. ఎడ్లను కొనేటప్పుడు పళ్ళు చూసేవాళ్ళు ఎట్లా మాట్లాడతారో అట్లా అన్నారు. "ఈపురుపాలెం కుర్రాడొకణ్ణి చూశాను. మూలలో గట్టిగా నిలబడుతున్నాడు. రేపల్లె పోటీలు అవనీ, అప్పుడు చూద్దాం. ఆ ఇల్లు నేను ఆడేవాళ్ళ కోసం కట్టించింది గదా. తప్పు మాట్లాడుతున్నానా?"

"లేదండి."

"ఏమ్మా టీచరమ్మా?"

నేను టీ గ్లాసు కింద పెట్టి, "రేపల్లె అవనివ్వండి," అన్నాను.

పాసింజరు ఎక్కాక బర్నబాస్ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నిడుబ్రోలు దాటాక సంగతి చెప్పాడు.

"రాఘవయ్య గారు వాళ్ళ జట్టుకి ఆడమన్నారు బావా. గెలిపిస్తే ఏడాదంతా ఉంచుకుంటామన్నారు, కొట్లో పని కూడా ఇస్తారంట."

"ఒప్పుకున్నావా?"

"ఆలోచించి చెప్తానన్నా."

"ఆలోచించడానికి ఏముందిరా అందులో?"

"నీ మీద ఆడాల్సొస్తదేమో."

"ఆడలేవా?"

వాడు ఆయన మొహంలోకి చూశాడు. "ఆడగలను," అన్నాడు.

"మరి ఆ మాట అక్కడే చెప్పి రావాల్సింది," అని మా ఆయన కాలు ఎదురు బల్ల మీద చాపుకుని నిద్రపోయారు.

రేపల్లె పోటీలు సెలవులు అయిపోయే ముందు వచ్చాయి. చెరుకుపల్లి దగ్గరే కాబట్టి మేం ముగ్గురం మా అమ్మ ఇంట్లో దిగాం. పొద్దున బస్సెక్కి ఇద్దరూ రేపల్లె వెళ్ళేవాళ్ళు, ఒకరు తెనాలి తరఫున, ఒకరు రేపల్లె తరఫున. సాయంత్రం అదే బస్సులో కలిసి వచ్చేవాళ్ళు. మూడు రోజులు రెండు జట్లూ గెలుస్తూనే పోయాయి. ఇక మిగిలింది ఒకటే ఆట అని తెలిసిన రోజు మా అమ్మ సుందరమ్మ ఇద్దరికీ ఒకే చాప మీద అన్నం పెట్టి, చేతిలో గరిటెతో ఎదురుగా నిలబడింది.

"ఒక కుండలో కూడు తిని, రేపు ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు లాక్కుంటారా? అదేం ఆటయ్యా?"

"మేమిద్దరం లాక్కోం అత్తయ్యా," అన్నారు మా ఆయన పప్పు కలుపుకుంటూ. "మీ అబ్బాయి కాలు నేను లాగుతాను. నా కాలు వాడు లాగడు. వాడి పని తాకి పారిపోవడం."

"పారిపోవడం కాదు, తిరిగి రావడం," అన్నాడు బర్నబాస్.

"వచ్చాక చెప్పు."

ఇద్దరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. అన్నాలయ్యాక మోకరించి పైకే ప్రార్థన చేసింది. "ప్రభువా, ఎవరు గెలవాలో నేనడగను. నాకొకడు కొడుకు, ఒకడు అల్లుడు. నీకు తెలుసు. కాళ్ళు మాత్రం అందరివీ అందరికీ ఉంచు." మా ఆయన అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు.

నేను దొడ్లో అంట్లు తోముతుంటే బర్నబాస్ వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. బూడిద చేతిలోకి తీసుకుని ఊరికే నలుపుతున్నాడు.

"అక్కా, బావ కూలబడలేడు."

"తెలుసు."

"కాలు కిందనుంచి చాపితే అందుకోలేడు. బాపట్లలో వాళ్ళకి ఆ సంగతి తెలీక తాకారు. నాకు తెలిసి తాకాలి."

"అయితే?"

"అయితే ఏంటి? నేను అటు వెళ్ళొచ్చా? ఆ ఇల్లు పోతే మీరెక్కడికెళ్తారు?"

నేను చెయ్యి కడుక్కున్నాను. వాడి ప్రశ్న వాడి ఒక్కడిదే కాదు. వాడు గెలిస్తే మాకు ఇల్లు లేదు. ఆయన గెలిస్తే వాడికి కొలువు లేదు. ఎవరి పక్కన నిలబడాలో ఆ మూడు రోజులూ నాకు తేలలేదు. కానీ వాడు నోరు తెరిచి అడిగేసరికి జవాబు దానంతటదే వచ్చింది.

"మూలలో నిలబడింది మీ బావ కాదనుకో. ముక్కూ మొహం తెలియని మనిషి. మోకాలు వంగదని నీకు తెలుసు. ఎటు వెళ్తావు?"

"అటే."

"మరి నన్నెందుకడుగుతావురా? ఇంటి సంగతి నేను చూసుకుంటా. నువ్వు ఆట చూసుకో."

వాడు లేచి వెళ్ళాడు. లోపలికి వచ్చి కాపడానికి ఉప్పు మూట పెనం మీద పెట్టాను. మా ఆయన మంచం మీద కాలు చాపుకుని ఉన్నారు.

"ఏంటంట మీ తమ్ముడు?"

"ఏమీ లేదు."

"నా మోకాలి గురించి అడిగుంటాడు."

నేను పెనం మీద మూట తిప్పాను.

"ఇటే రమ్మని చెప్పావా లేదా?"

"ఆట ఆడమని చెప్పాను."

"రెండూ ఒకటేలే. వాడు రేపు నా వైపు రాకుండా తప్పించుకు తిరిగాడంటే, సుగుణా, ఇన్నాళ్ళూ నేను వాడికేమీ నేర్పనట్టే లెక్క. ఓడిపోతే నాకు బాధ లేదు. జాలిపడితే మాత్రం ఊరుకోను." మూట మోకాలి మీద పెట్టగానే పెదవి కొరుక్కున్నారు. "అయినా నేనెందుకు ఓడిపోతాను?"

మర్నాడు రేపల్లెలో స్కూలు మైదానం చుట్టూ జనం. చెట్ల మీద, గోడ మీద, నిలబెట్టిన ఎడ్ల బండ్ల మీద కూడా మనుషులే. రాను రానని మొరాయించిన మా అమ్మ నాకంటే ముందు వచ్చి గీత పక్కన చాప పరుచుకుంది. ఒక పక్క కుర్చీలో బసవేశ్వరరావు గారు, ఇంకో పక్క నిలబడి రాఘవయ్య గారు. చెరువు మట్టి జల్లించి, నీళ్ళు చల్లి బరి తయారుచేశారు. అది బాపట్ల ఇసక కాదు. దెబ్బ తగిలితే తగిలినట్టే.

మొదటి సగమంతా బర్నబాస్ కుడివైపే ఆడాడు. అటు ఈపురుపాలెం కుర్రాణ్ణి నిలబెట్టారు. వాణ్ణి రెండుసార్లు తాకి వచ్చాడు. జనం కేకలు వేస్తున్నారు గానీ నాకు తెలుసు, వాడు ఎడమవైపు చూడను కూడా చూడటం లేదు. మా ఆయనకీ తెలుసు. నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడి, అందరికీ వినపడేట్టు అన్నారు:

"ఏరా బామ్మర్దీ, ఇటు దారి తెలీదా?"

మైదానమంతా నవ్వింది. బర్నబాస్ మొహం ఎర్రబడింది. మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

రెండో సగంలో ఆట బిగిసింది. ఒకసారి తెనాలి పైచెయ్యి, ఒకసారి రేపల్లె పైచెయ్యి. చివరికి రెండు జట్లూ సమానం అయ్యాయి. తెనాలి వైపు ముగ్గురు మిగిలారు, అందులో మా ఆయన ఒకరు. కూత బర్నబాస్‌ది. ఇదే ఆఖరని రెఫరీ చెయ్యి ఎత్తాడు.

వాడు గీత దగ్గర నిలబడ్డాడు. గుండెల నిండా గాలి పీల్చాడు. తల ఎత్తి నేరుగా ఎడమ మూల వైపు చూశాడు. చూసి, అటే వెళ్ళాడు.

కబడ్డీ కబడ్డీ అంటూ వాడి గొంతు తప్ప ఇంకేమీ వినపడలేదు. దగ్గరికి వెళ్ళి, ఒక కాలి మీద వంగి, రెండో కాలు నేలకు ఆనించినట్టే పాములా చాపాడు. మోకాలు వంగనివాడికి అందని కాలు అది. వాడి బొటనవేలు మా ఆయన పాదానికి తగిలింది. తగలడం నేను చూశాను. రేపల్లె జనం అప్పుడే గాల్లోకి లేచారు.

మా ఆయన కూలబడలేదు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే, నరికిన తాటిచెట్టులా ముందుకు పడిపోయారు. రొమ్ము నేలకు కొట్టుకున్న చప్పుడు మా చాప దాకా వినపడింది. పడుతూనే ఒక చేత్తో తమ్ముడి చీలమండ అందుకున్నారు. బర్నబాస్ గుంజుకున్నాడు. మూరెడు దూరం ఆయన్ని ఈడ్చాడు. ఆయన వదల్లేదు. మిగిలిన ఇద్దరూ వచ్చి మీద పడ్డారు. ఆ గుట్ట కిందనుంచి వాడి కూత సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది.

తెనాలి గెలిచింది.

ఒక్కొక్కరూ లేచారు. బర్నబాస్ లేచాడు. మా ఆయన లేవలేదు. మోకాలు ఉండాల్సిన వైపు లేదు. మా అమ్మ "ప్రభువా" అంది, అంతే. నేను గీత దాటి లోపలికి పరుగెత్తాను. ఆయన మొహం నిండా మట్టి, ఆ మట్టిలో పళ్ళు తెల్లగా కనపడుతున్నాయి.

"అటే వచ్చాడు చూశావా?" అన్నారు నాతో.

బర్నబాస్ ఏడుస్తున్నాడో చెమటో నాకు తెలియలేదు. బావని రెండు చేతులా ఎత్తుకుని, కప్పు ఇచ్చే బల్ల పక్కనుంచే నడిచి, ఆస్పత్రికి వెళ్ళే బండి ఎక్కించాడు. డాక్టరు కట్టు కట్టి, నడక వస్తుందని, ఆట మాత్రం ఇక లేదని చెప్పాడు. మా ఆయన కాసేపు గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను పిలవలేదు. ఆయనే ఇటు తిరిగారు.

"మంచి పట్టుతో ఆట ఆపాను గదా," అన్నారు.

"అంతకంటే మంచిది నేను చూడలేదు," అన్నాను. నిజం కూడా అదే.

మర్నాడు బసవేశ్వరరావు గారు కారులో చెరుకుపల్లి వచ్చారు. అమ్మ కుర్చీ వేసింది. మంచం మీద మా ఆయన, గుమ్మంలో బర్నబాస్, తలుపు పక్కన నేను.

"రత్నం, నా పరువు నిలబెట్టావయ్యా," అన్నారు. "నీకెంత రెస్టు కావాలంటే అంత తీసుకో. స్కూళ్ళు తెరిచేదాకా ఇంట్లో ఉండండి, నేనేమీ అనను." తర్వాత బర్నబాస్ వైపు తిరిగారు. "బాపట్లలో నేను పొరపాటుపడ్డాను. నువ్వు మా మిల్లుకి ఆడు. ఆ ఇల్లు నీకిస్తాను. అక్కా బావల్ని నీతో ఉంచుకుంటావో లేదో నీ ఇష్టం."

బర్నబాస్ నా వైపు చూశాడు. ఎప్పుడూ బసవేశ్వరరావు గారి ముందు తల వంచుకుని నిలబడేదాన్ని. ఆ వేళ తల దానంతటదే లేచింది.

"నిన్న సాయంత్రం ఆస్పత్రికి రాఘవయ్య గారు వచ్చారండి," అన్నాను. "ఓడిపోయినాయన వచ్చారు. తమ్ముణ్ణి ఉంచుకుంటామన్నారు. ఈయన్ని కూడా వచ్చి వాళ్ళ కుర్రాళ్ళకి ఆట నేర్పమన్నారు. మేమింకా ఏమీ చెప్పలేదండి. మీ ఉప్పు తిన్నాం గదా, మీ మాట విని చెబుదామని. మీరూ ఇద్దరినీ తీసుకోండి. ఆడేది తమ్ముడు, ఆడించేది ఈయన."

"ఆడనివాడు జట్టుకెందుకమ్మా?"

"నిన్న మా వాడు మీ వాళ్ళని ఎన్నిసార్లు తాకాడండి? ఆ ఆట వాడికెవరు నేర్పారు?"

ఆయన గడ్డం గోక్కున్నారు. మనిషి చెడ్డవాడు కాదు. తన మిల్లు, తన జట్టు, తన ఇల్లు అని అలవాటుపడినవాడు. "సరే, చూద్దాంలే," అన్నారు చివరికి.

అప్పటిదాకా కళ్ళు మూసుకుని ఉన్న మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు.

"చూద్దాం అంటే వద్దులెండి. బాపట్ల స్టేషన్లో కూడా అదే మాటన్నారు. రేపల్లె వెళ్తాం." నమస్కారం పెట్టారు. "కప్పు మీదేనండి. ఇల్లు కూడా మీదే."

బసవేశ్వరరావు గారు అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. కారు దుమ్ము సర్దుకోకముందే అమ్మ, "రేపల్లెలో అద్దె ఇల్లు తూర్పు మొహంగా చూడండి," అంది.

స్కూళ్ళు తెరిచేసరికి నేను బదిలీ అడిగి రేపల్లె మిషన్ స్కూల్లో చేరాను. తెనాలి నుంచి మా సామాను ఒక్క బండిలో వచ్చేసింది. మొదటి రోజు ఆట నేర్పడానికి రాఘవయ్య గారు ఊళ్ళో కుర్రాళ్ళందరినీ పోగుచేశారు. మా ఆయన చేతికర్ర ఊతంగా వచ్చి, పీట మీద కూర్చుని, కట్టిన కాలు ముందుకు చాపుకున్నారు. రేపల్లెని ఓడించిన మనిషి రేపల్లెకి ఏం చెబుతాడోనని అందరూ చూస్తున్నారు.

"బర్నబాస్, ఇట్రా," అన్నారు. "ఆ రోజు ఎందుకు దొరికిపోయావో వీళ్ళకి చెప్పు."

బర్నబాస్ తల గోక్కున్నాడు. "బావ మోకాలు వంగదని నాకు తెలుసు. అందుకని కాలు చాపా."

"మరి?"

"పట్టుకోవడానికి మోకాలు వంగాలి గానీ, పడిపోవడానికి వంగక్కర్లేదని నాకు తెలీలేదు."

కుర్రాళ్ళు గొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా మా ఆయన నవ్వారు. నవ్వి, కర్రతో నేల మీద గీత గీసి, "ఇప్పుడు మీకూ తెలిసింది. రండి," అన్నారు.

బర్నబాస్ అక్కడ నాలుగేళ్ళు ఆడి తర్వాత రైల్వే జట్టుకు వెళ్ళాడు. మా ఆయన కాలు ఈడుస్తూనే ఆ మైదానంలో జీవితమంతా గడిపారు. తెనాలి మిల్లు జట్టు ప్రతి వేసవీ రేపల్లె వచ్చేది. బసవేశ్వరరావు గారు అదే కుర్చీలో కూర్చునేవారు, మా ఇంట్లో భోంచేసి వెళ్ళేవారు. గెలిచి మాత్రం వెళ్ళలేదు.